హోర్టా రేవులో గాలి కోసం ఆగిన రోజులు, తోటి సెయిలర్లతో పరిచయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇతరుల తెరచాప బోట్ల మీద క్రూగా వెళ్తుంటాను, ఎక్కువగా కరీబియన్ నుంచి యూరప్ వైపు. ఈ దారిలో వెళ్దామనుకునే తెలుగువాళ్ళు నన్ను అడిగేవి చాలావరకు సముద్రం గురించి కాదు, రేవు గురించే. అక్కడ ఎవరూ తెలీదు కదా, ఎలా కలవాలి, రోజుల తరబడి ఆగాల్సి వస్తే ఏం చెయ్యాలి అని. మళ్ళీ మళ్ళీ అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్తాను: ఆగిన రోజులు వృథా కావు, సముద్రం మీద అక్కరకొచ్చే మనుషులు ఆ రోజుల్లోనే దొరుకుతారు. కానీ బయల్దేరే నిర్ణయం మాత్రం వాళ్ళ చేతిలో పెట్టకండి.

హోర్టా ఎక్కడుంది? అందరూ అక్కడే ఎందుకు ఆగుతారు?

అట్లాంటిక్ నడుమ పోర్చుగల్‌కి చెందిన అజోర్స్ దీవులున్నాయి, వాటిలో ఫయాల్ అనే దీవి మీద ఉన్న చిన్న ఊరు హోర్టా. చలికాలం కరీబియన్‌లో గడిపిన బోట్లు జూన్ 1తో అక్కడ హరికేన్ల కాలం మొదలవుతుంది కాబట్టి అంతకుముందే తూర్పుకి తిరుగుతాయి. బెర్ముడా నుంచి హోర్టాకి దాదాపు 1,800 నాటికల్ మైళ్ళు, మామూలు సైజు బోటుకి రెండు వారాలు అటూ ఇటూ. ఇక్కడి నుంచి ఇంగ్లండ్‌లోని ఫాల్మత్‌కి ఇంకో 1,200 పైచిలుకు, లిస్బన్‌కి 900 పైచిలుకు. అంత దూరం వచ్చాక, అంత దూరం వెళ్ళబోయే ముందు నీళ్ళు, డీజిల్, కూరగాయలు, చిరిగిన తెరచాప, కరువుతీరా నిద్ర అన్నిటికీ ఇదే చోటు. అందుకే మే, జూన్ నెలల్లో మెరీనా, అంటే బోట్లు కట్టుకునే చోటు, కిక్కిరిసిపోతుంది.

ఇక్కడ ఆగడం కొత్తదేం కాదు. ఒంటరిగా భూమి చుట్టివచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకమ్ 1895 జులైలో ఇక్కడే ఆగాడు, ఊరివాళ్ళు పళ్ళు తెచ్చి బోటు నింపేశారట. 1939లో పాన్ అమెరికన్ సంస్థ నీటి మీద దిగే విమానాలు మొదలుపెట్టినప్పుడు అవీ హోర్టా రేవులోనే దిగేవి, అలలు పెద్దగా ఉంటే మళ్ళీ ఎగరలేక ప్రయాణికులు ఊళ్ళో రోజుల తరబడి ఉండిపోయేవాళ్ళు. అంటే విమానం ఎక్కినవాళ్ళు కూడా ఇక్కడ సముద్రం శాంతించేదాకా ఆగినవాళ్ళే.

ఎన్ని రోజులు ఆగాల్సి వస్తుంది?

ముందుగా చెప్పలేం. రెండు రోజులు కావచ్చు, రెండు వారాలు కావచ్చు. తిరుగు విమానం టికెట్ తేదీ పెట్టుకుని క్రూగా రాకండి, మీ టెన్షన్ బోటు మొత్తానికీ అంటుకుంటుంది. సెలవు తక్కువ ఉంటే ఆ మాట స్కిప్పర్‌కి, అంటే బోటు కెప్టెన్‌కి, బోటు ఎక్కేముందే చెప్పండి.

మంచి వాతావరణం అంటే ఏమిటి? ఎండ కాస్తే చాలదా?

చాలదు. ఎండ బాగా కాసి గాలి అసలు లేకపోవడం కూడా ఇక్కడ బయల్దేరకపోవడానికి ఒక కారణమే. అజోర్స్ చుట్టూ వేసవిలో ఒక పెద్ద అధిక పీడన ప్రాంతం తిష్ఠ వేస్తుంది, దాని మధ్యలో చిక్కుకుంటే తెరచాప వేలాడుతూ ఉంటుంది, ఇంజిన్ మీద 1,200 మైళ్ళు వెళ్ళేంత డీజిల్ చాలా బోట్లలో పట్టదు. దానికి ఉత్తరాన పడమర నుంచి తూర్పుకి అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటాయి. ఇంగ్లండ్ వైపు వెళ్ళేవాళ్ళు సాధారణంగా ఒక అల్పపీడనం దాటిపోయి గాలి నైరుతి నుంచి వాయవ్యానికి తిరిగాక బయల్దేరి, ముందు ఉత్తరానికి ఎక్కి పడమటి గాలి అందుకుని అప్పుడు తూర్పుకి తిరుగుతారు. లిస్బన్, జిబ్రాల్టర్ వైపు వెళ్ళేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకి పోర్చుగల్ తీరం దగ్గర వేసవిలో గట్టిగా వీచే ఉత్తరపు గాలి ముఖ్యం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద ఒక ప్రశ్నలో మళ్ళీ అవసరం వస్తుంది.

నాకు ఎవరూ తెలీదు. మొదటి మాట ఎలా కలపాలి?

తాడు పట్టుకోండి. నిజంగానే, ఇంతకంటే మంచి మార్గం నాకు తెలీదు. కొత్త బోటు ఏదైనా గట్టు వైపు వస్తుంటే లేచి వెళ్ళి వాళ్ళు విసిరే తాడు అందుకోండి, వాళ్ళు చెప్పినచోట కట్టండి, మీ సొంత తెలివితో లాగి బిగించెయ్యకండి. రెండు వారాలు సముద్రం తప్ప ఏమీ చూడనివాళ్ళకి గట్టు మీద ఒక మనిషి చెయ్యి చాపి నిలబడటం ఎంత సంతోషమో చెప్పలేను. ఆ తర్వాత వాళ్ళకి కావలసినవి నాలుగైదు మాటల్లో చెప్పండి: ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఆఫీసు ఎక్కడ, స్నానాల గదులు ఎక్కడ, రొట్టెల కొట్టు ఎప్పుడు తెరుస్తారు. చేతిలో పళ్ళుంటే ఇవ్వండి, అంతే, వాళ్ళని నిద్రకి వదిలెయ్యండి. అప్పుడే మీ ప్రయాణం కథ మొదలుపెట్టకండి, వాళ్ళకి వినే ఓపిక ఉండదు. మర్నాడు వాళ్ళే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

ఇప్పటికే కట్టి ఉన్న బోటువాళ్ళని కలవాలంటే పక్కన నిలబడి బోటు పక్క గోడ మీద చిన్నగా తట్టి పలకరించండి. రమ్మనేదాకా ఎక్కకండి, ఎక్కేముందు చెప్పులు విప్పండి, మన ఇళ్ళలో అలవాటే కాబట్టి అది మనకి కష్టం కాదు. ఎవరైనా మాస్టు (తెరచాప స్తంభం) ఎక్కి పని చేస్తుంటే, ఇంజిన్ విప్పుకుని కూర్చుంటే అది కబుర్ల సమయం కాదు, కావాలంటే పానా అందిస్తానని అడగండి. సాయంత్రం ఆరు దాటాక డెక్ మీద ఊరికే కూర్చున్నవాళ్ళు దాదాపుగా మీరు వస్తే బాగుండనే కూర్చుంటారు.

మొదటి ప్రశ్న ఏమిటన్నది కూడా ఆలోచించుకోనక్కర్లేదు: ఎక్కడి నుంచి వచ్చారు, దారిలో ఏం విరిగింది. ఈ రెండో ప్రశ్నకి జవాబు లేని బోటు ఆ రేవులో ఉండదు.

మా బోటు మూడో వరసలో కట్టి ఉంది. ప్రతిసారీ పక్కవాళ్ళ బోటు మీదుగా నడవాలంటే ఇబ్బందిగా ఉంది.

ఇబ్బంది పడకండి, రద్దీ నెలల్లో అక్కడ బోటు పక్కన బోటు కట్టడం మామూలే. పద్ధతి ఒక్కటి తెలిస్తే చాలు: మాస్టుకి ముందు వైపు నుంచి, అంటే ముందు డెక్ మీదుగా దాటాలి. వెనక కాక్‌పిట్ వాళ్ళు కూర్చునే, తినే చోటు, అందులోంచి నడవడం అంటే ఒకరి వంటింట్లోంచి దారి చేసుకోవడమే. మెత్తటి అడుగుతో, హ్యాచ్‌లలోకి (డెక్ మీది కిటికీల్లాంటి మూతలు) తొంగిచూడకుండా దాటండి, రాత్రి పదకొండు తర్వాత గుంపుగా నవ్వుకుంటూ రాకండి. మీ బోటు బరువంతా పక్కవాళ్ళ కట్ల మీద వేయకుండా ముందు ఒకటి వెనక ఒకటి సొంత తాళ్ళు గట్టుకి కట్టుకోండి. లోపలి వరసలో ఉండి తెల్లవారుజామున బయల్దేరేలా ఉంటే ముందురోజు సాయంత్రమే బయట వరస వాళ్ళకి చెప్పాలి, ఇదొక్కటి మర్చిపోతే అప్పటిదాకా కలిసిన స్నేహం పోతుంది.

పీటర్ కెఫేకి వెళ్ళి తీరాలా? నేను మందు తాగను.

వెళ్ళండి. 1918 నుంచి ఉన్న ఆ చిన్న నీలం రంగు చోటు పేరుకే బారు, నిజానికి రేవు మొత్తానికి వసారా. అక్కడ ఖాళీ బల్ల దొరకదు కాబట్టి ఎవరో ఒకరి బల్ల దగ్గర కూర్చోవాల్సిందే, అదే దాని మేలు. యజమాని కొడుకు జోసెని రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఒక బ్రిటిష్ నౌక అధికారి తన కొడుకులా ఉన్నాడని పీటర్ అని పిలిచేవాడు, ఆ పేరే కెఫేకి నిలిచిపోయింది. సెయిలర్ల పేరున వచ్చే ఉత్తరాలు వాళ్ళు బోటు చేరేదాకా అక్కడ దాచి పెట్టేవాళ్ళు. పైఅంతస్తులో తిమింగలం పళ్ళ మీద చెక్కిన బొమ్మల మ్యూజియం ఉంది, తప్పకుండా చూడండి. అందరూ జిన్ టానిక్ తాగుతుంటారు నిజమే, మీరు కాఫీయో సూపో తీసుకుని గంటల తరబడి కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు.

గోడ మీద బొమ్మ వెయ్యకపోతే చెడు జరుగుతుందంటారు. నమ్మాలా?

నమ్మినా నమ్మకపోయినా వెయ్యండి. మెరీనా గట్టు మీద, గోడల మీద ప్రతి బోటూ తన పేరు, సంవత్సరం, ఒక బొమ్మ వేసి వెళ్తుంది, వెయ్యకుండా వెళ్ళిన బోటుకి కీడు జరుగుతుందని అక్కడి నానుడి. నాకు మాత్రం దానిలో ఉన్న లాభం వేరే కనిపిస్తుంది: నేల మీద కూర్చుని రంగు పూస్తున్న మనిషి దగ్గర ఆగకుండా ఎవరూ దాటిపోరు. మీ పక్కన వేసుకుంటున్నవాళ్ళ దగ్గర ఎరుపు ఉంటుంది, మీ దగ్గర పసుపు ఉంటుంది, సాయంత్రానికి మీరు ఒకరి బోటులో ఒకరు భోంచేస్తుంటారు. ఇంకొకరి బొమ్మ బాగా వెలిసిపోయి చదవడానికి వీల్లేకుండా ఉంటే తప్ప దాని మీద వెయ్యకండి. ఒకరోజు వాన లేకుండా ఉండేలా చూసుకోండి. మిగిలిన రంగు డబ్బాలు మోసుకెళ్ళకుండా వెనక వచ్చిన బోటుకి ఇచ్చెయ్యండి.

మన లిపిలో బోటు పేరు రాస్తే జనం ఆగి అడుగుతారు, అదొక అదనపు పరిచయం.

నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. వాళ్ళ మధ్య కలవగలనా?

రేవులో సగం మందికి ఇంగ్లిష్ రెండో భాషో మూడో భాషో. ఫ్రెంచ్, జర్మన్, డచ్, పోర్చుగీస్ అన్నీ వినిపిస్తాయి. వాతావరణం మ్యాపు బల్ల మీద పరిచాక వేలితో చూపిస్తూ గంట మాట్లాడుకోవచ్చు.

వంటతో స్నేహాలు కలుస్తాయా? మనం ఏం వండచ్చు?

అన్నిటికంటే తొందరగా దానితోనే కలుస్తాయి. రేవులో ఆగిన బోట్లవాళ్ళు సాయంత్రాలు తలో వంటకం తెచ్చుకుని గట్టు మీదో ఒకరి డెక్ మీదో కలిసి తింటారు. పులిహోర తీసుకెళ్ళండి: చల్లారినా బాగుంటుంది, పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడి తినచ్చు, మాంసం తిననివాళ్ళూ తింటారు. వేరుశనగ పడనివాళ్ళు ఉంటారు కాబట్టి పల్లీలు వేశామని ముందే చెప్పాలి, నడిసముద్రంలో ఉన్నంత కాకపోయినా ఆ చిన్న దీవిలో కూడా అలర్జీ పెద్ద విషయమే. ఆవకాయ ఫ్రిజ్ లేకుండా నిలవుంటుంది, చెంచాతో కాస్త రుచి చూపించండి, మొదటిసారే గరిటెడు వెయ్యకండి. ప్రెషర్ కుక్కర్ బోటులో గ్యాస్ ఆదా చేస్తుంది, ఊగుతున్నప్పుడు మూత ఊడదు, ఇది చూసి అడిగి నేర్చుకున్నవాళ్ళు నాకు తెలుసు. అన్నట్టు అమెరికా నుంచి వచ్చిన బోట్ల గ్యాస్ సిలిండర్ల అమరిక యూరప్‌లో సరిపోదు, ఎడాప్టర్ ఉన్నవాళ్ళ కోసం వెతుకులాట ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది, మీ దగ్గర ఉంటే మీరు ఆ వారం రేవులో అందరికీ చుట్టమే.

పనిముట్లు అడిగి తీసుకోవచ్చా?

అడగండి, అదే రోజు తుడిచి తిరిగి ఇచ్చెయ్యండి. ఒకరి దగ్గర తెరచాప కుట్టే మిషన్ ఉంటుంది, ఒకరికి డీజిల్ ఇంజిన్ బాగా తెలుసు, ఒకరు మాస్టు ఎక్కడానికి భయపడరు. మీకేం వచ్చో మీరూ ముందుగా చెప్పండి. సాఫ్ట్‌వేర్ పని తెలిసినవాళ్ళు కూడా ఇక్కడ ఖాళీగా ఉండరు, మొండికేసిన ప్లాటర్లు (దారి చూపించే మ్యాపు తెరలు), శాటిలైట్ యాంటెన్నాలు ప్రతి బోటులోనూ ఉంటాయి.

అందరూ రేపు పొద్దున బయల్దేరుతున్నారు. మేం కూడా వెళ్ళిపోవాలా?

ఈ ఒక్క ప్రశ్న కోసమే మిగతావన్నీ రాశాననుకోండి. అందరూ వెళ్తున్నారన్నది కారణం కాదు.

లెక్క చూడండి. 32 అడుగుల బోటు గంటకి 5 నాటికల్ మైళ్ళ చొప్పున రోజుకి 120 మైళ్ళు వెళ్తుంది, ఫాల్మత్‌కి పది రోజులు. పక్కన కట్టిన పెద్ద బోటు రోజుకి 180 వెళ్తుంది, ఏడో రోజుకే చేరిపోతుంది. ఒకే గంటలో తాళ్ళు విప్పినా అయిదో రోజుకి ఈ రెంటి మధ్య 300 మైళ్ళ దూరం ఉంటుంది, వెనక నుంచి వచ్చే అల్పపీడనం పెద్ద బోటుకి తగలకుండా పోయి చిన్నదాన్ని పట్టుకోవచ్చు. అయిదు రోజులు దాటిన వాతావరణ అంచనాల మీద పెద్దగా ఆధారపడలేం కూడా. అంటే వాళ్ళకి తెరుచుకున్న దారి మీకు తెరుచుకోలేదు. దానికి తోడు వాళ్ళు లిస్బన్ వెళ్తుంటే, మీరు ఫాల్మత్ వెళ్తుంటే వాళ్ళకి మంచి గాలి మీకు ఎదురుగాలి. వాళ్ళ బోటులో ఆరుగురు కాపలా మార్చుకుంటారు, మీ బోటులో ఇద్దరే. వాళ్ళ చుక్కాని కొత్తది, మీది ఊగుతోంది.

అయినా ఆ ముందురోజు రాత్రి రేవంతా సామాన్లు సర్దుకుంటుంటే మనం ఒక్కళ్ళమే మిగిలిపోతామన్న భయం గట్టిగా పట్టుకుంటుంది. రోజూ కలిసి తిన్న మనుషులు వెళ్ళిపోతున్నారంటే మనసు లాగుతుంది, అది తప్పేం కాదు. అందుకే ఆ నిర్ణయం బారులో తీసుకోకుండా మీ బోటులో, మీ క్రూతో, తలుపు వేసుకుని తీసుకోండి. వాతావరణం అంచనా వేసే కంప్యూటర్ లెక్కల్లో యూరోపియన్ మోడల్, అమెరికన్ మోడల్ రెండూ ఒకే మాట చెప్తున్నాయా చూడండి, మీ వేగంతో మీ దారి గీసి ప్రతిరోజూ ఎక్కడుంటారో అక్కడి గాలి చూడండి. తర్వాత వెళ్ళి పక్కవాళ్ళని అడగండి, వెళ్తున్నారా అని కాదు, ఏం చూసి వెళ్తున్నారు అని. మీరు చూడనిది వాళ్ళు చూసి ఉండచ్చు. వాళ్ళ జవాబు విన్నాక మీ మనసు మారితే అది మంచి మార్పు, వాళ్ళ మూటలు చూసి మారితే కాదు. క్రూలో ఒక్కరికి భయంగా ఉన్నా ఆ మాట బయటికి చెప్పే వీలు స్కిప్పర్ ఇవ్వాలి, ఇవ్వని స్కిప్పర్‌తో నేను వెళ్ళను.

రేవులో వినే మాటల్లో దేన్ని నమ్మాలి?

స్వయంగా చూసినవాళ్ళ మాట ఒకలా, ఎవరో చెప్పగా విన్నవాళ్ళ మాట ఒకలా తీసుకోండి. ఉదాహరణకి 2020 నుంచి జిబ్రాల్టర్, పోర్చుగల్ తీరాల దగ్గర ఓర్కాలు తెరచాప బోట్ల చుక్కానుల్ని గుద్ది విరగ్గొడుతున్నాయి, ఇది నిజం, కొన్ని బోట్లు మునిగాయి కూడా. అటు వెళ్ళే బోట్లవాళ్ళు రోజూ దీని గురించే మాట్లాడుకుంటారు. ఆ దారిలో ఈ మధ్యే వచ్చినవాళ్ళని వెతికి ఎక్కడ, ఒడ్డుకి ఎంత దూరంలో వచ్చారో అడగండి.

అమ్మాయిని, ఒంటరిగా వెళ్తున్నాను. అక్కడ వేరే బోటు ఎక్కవచ్చా?

ఎక్కవచ్చు. హోర్టాలో క్రూ మారడం మామూలు, కొందరు ఇక్కడే దిగి విమానం ఎక్కేస్తారు, వాళ్ళ స్థానంలో మనుషులు కావాలి. రేవులో ఆగాల్సి రావడం ఇక్కడ మీకు పెద్ద వరం, ఎందుకంటే స్కిప్పర్ ఎలాంటివాడో నాలుగు రోజులు చూసే అవకాశం దొరుకుతుంది. సొంత క్రూతో ఎలా మాట్లాడుతున్నాడు, ఏదైనా చెడిపోతే ఎవరి మీద అరుస్తున్నాడు, రాత్రి ఎంత తాగుతున్నాడు, ఇవి చూడండి. అంతకుముందు ఆ బోటులో వచ్చి దిగిపోతున్నవాళ్ళతో విడిగా మాట్లాడండి, ముఖ్యంగా ఆడవాళ్ళతో. పడుకునే చోటు ఏది, ఖర్చులు ఎవరివి, లైఫ్ జాకెట్ మీ కొలతకి ఉందా అన్నవి ఎక్కేముందే తేల్చుకోండి. బోటు పేరు, స్కిప్పర్ పాస్‌పోర్ట్ వివరాలు ఇంటికి పంపుతానని చెప్పండి, ముఖం మాడ్చుకుంటే ఆ బోటు వద్దు.

ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వీసా కావాలా? బోటు మీద వస్తున్నాం కదా.

కావాలి. అజోర్స్ పోర్చుగల్‌లో భాగం, షెంగెన్ ప్రాంతం, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల గుంపులోది. బోటులో వచ్చామని మినహాయింపు దొరుకుతుందని అనుకోకండి. గాలి కోసం ఎన్నాళ్ళు ఆగాలో తెలీదు కాబట్టి నాలుగైదు రోజుల వీసాతో రాకండి, రోజులు బాగా ఎక్కువుండేలా తీసుకోండి.

అక్కడ మన తెలుగువాళ్ళు కనిపిస్తారా?

అరుదు. కానీ తెలుగువాళ్ళు సముద్రం దాటలేదనుకోకండి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చిన నేవీ తెరచాప నౌక తారిణి, అందరూ ఆడవాళ్ళే ఉన్న ఆ ఆరుగురి క్రూలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు, భూమి మొత్తం చుట్టివచ్చారు. ఇప్పుడు హుస్సేన్ సాగర్‌లో పిల్లలు తెరచాప నడపడం నేర్చుకుంటున్నారు, వాళ్ళలో కొందరైనా హోర్టా గోడ మీద పేరు రాయాలని నా కోరిక.

ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోతే?

మాట్లాడకండి. ఎదురుగా పీకో దీవి మీద 2,351 మీటర్ల కొండ ఉంది, పోర్చుగల్ మొత్తంలో అదే ఎత్తయినది, ఫెర్రీలో అరగంట. ఫయాల్ పడమటి చివర కపెలిన్యోస్ ఉంది, 1957, 58లో సముద్రంలోంచి అగ్నిపర్వతం లేచి ఇళ్ళని బూడిదలో కప్పేసిన చోటు, పాత దీపస్తంభం సగం బూడిదలో ఇప్పటికీ నిలబడి ఉంది. వారంలో ఒకరోజైనా బోటుకి, మనుషులకి దూరంగా నడవడం మంచిది.

సముద్రం మీదకి వెళ్ళాక వాళ్ళతో ఎలా మాట్లాడాలి?

రేవులో ఉండగానే బోటు పేరు, స్కిప్పర్ పేరు, ఎంఎంఎస్ఐ నంబరు (బోటు రేడియో గుర్తింపు నంబరు), శాటిలైట్ ఫోన్ లేదా మెయిల్ రాసుకోండి. బోట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో కంటికి కనిపించేంత దూరానికి కాస్త ఎక్కువ వరకే పనిచేస్తుంది, ఛానల్ 16లో పిలిచి వెంటనే వేరే ఛానల్‌కి మారాలి, 16 ఆపద పిలుపులది కాబట్టి అందులో కబుర్లు చెప్పకూడదు. రోజూ ఒక సమయానికి ఎక్కడున్నామో పంపుకుందామని అనుకుంటే ఎన్ని గంటలు జవాబు రాకపోతే ఏం చెయ్యాలో కూడా అప్పుడే మాట్లాడుకోండి. యాంటెన్నా చెడిపోయి జవాబు రాకపోవడం చాలా మామూలు, దానికే కంగారుపడి రెస్క్యూ కేంద్రానికి ఫోన్ చెయ్యకూడదు, అలాగని మూడు రోజులు ఊరుకోనూ కూడదు.

బయల్దేరే రోజు ఏం చెయ్యాలి?

మెరీనా లెక్క కట్టెయ్యండి, షెంగెన్ దాటి వెళ్తుంటే ఇమిగ్రేషన్‌లో బయటికి వెళ్తున్నట్టు నమోదు చేయించుకోండి, అడిగి తెచ్చిన పానాలు, గిన్నెలు ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యండి. మీరు వెళ్తున్నారని తెలిస్తే చెప్పకపోయినా ముగ్గురో నలుగురో తాళ్ళు విప్పడానికి వస్తారు, రేవులోని మిగతా బోట్లు హారన్లు మోగిస్తాయి, ఆ సందడిలో ఎవరి చేతిలో ఏ తాడుందో చూసుకోవడం మర్చిపోతారు. ఏ తాడు ముందు, ఏది చివర విప్పాలో స్కిప్పర్ ఇంజిన్ వేయకముందే గట్టు మీదున్న ఒక్కొక్కరికీ పేరుపెట్టి చెప్పాలి, లేకపోతే అందరూ ఒకేసారి విప్పేసి బోటు ముందు భాగం గాలికి తిరిగి పక్కవాళ్ళ రెయిలింగ్‌ని కొడుతుంది.